టమాటా పెట్టె వాయించిన సీనప్ప

తమిళనాడులో, ధర్మపురి పక్క కారిమంగళంలో, ఒక పెళ్ళిమంటపంలో, సీనప్ప తాను పుట్టించిన తాళాన్ని తానే తప్పు వాయిస్తున్నాడని ఒక అమ్మాయి చేత అనిపించుకున్నాడు. అప్పటికి ఆయనకు అరవై ఆరేళ్ళు.

పెళ్ళి ఆయన మేనకోడలి కూతురిది. ముహూర్తం పొద్దున్నే అయిపోయింది, రెండో పంక్తి భోజనాలు నడుస్తున్నాయి. సీనప్ప ఆకు ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, వక్కాకు నములుతూ వేదిక పక్కన చోటు చూసుకున్నాడు. పాటల బృందం భోజనానికి పోయినట్టుంది. కీబోర్డు మీద తువ్వాలు కప్పి ఉంది. పక్కన మోకాలెత్తు చెక్క పెట్టె ఒకటి ఉంటే, కుర్చీ వెతుక్కునే శ్రమ లేకుండా దాని మీదే కూర్చున్నాడు. కూర్చున్నాక చేతులు ఊరుకోలేదు. రెండు కాళ్ళ మధ్య, పెట్టె ముఖం మీద, మెల్లగా మొదలుపెట్టాడు. ధం, టక టక్, ధం.

"తాతా, బాగా కొట్టినారు. అయితే సీనప్ప బీట్ అట్ల కాదు. మూడో దెబ్బ మీకు లేట్ అవుతా ఉండాది."

తల ఎత్తి చూస్తే ఇరవై నాలుగేళ్ళ పిల్ల. జీన్సు మీద పట్టు కుర్తా, చేతిలో పాయసం గ్లాసు. ఆ పెట్టె ఆమెదే. బృందంలో తాళం వాయించేది ఆమే.

"ఏం బీటమ్మా?"

"సీనప్ప బీట్. ఈ పక్క పెండ్లి బ్యాండ్లన్నీ వాయించేది అదే. హోసూరు దాకా దానికి అదే పేరు. సీనప్ప అని ఒకాయన ఉండేవాడంట. పాపం, పోయినాడు."

"పోయినాడా? ఎవురు చెప్పినారు?"

"ధర్మపురిలో రేడియో షాపు వీరరాఘవన్ తాత. నేనే పోయి అడిగినాను. 'నా వరకు ఆ మనిషి లేడు' అని చెప్పినాడు."

సీనప్పకు నవ్వు ఆగలేదు. వక్కాకు గొంతుకడ్డం పడి దగ్గు వచ్చింది. అమ్మాయి కంగారుపడి పాయసం గ్లాసు కింద పెట్టి నీళ్ళు తెచ్చింది. నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని అన్నాడు: "ఆయన వరకే లేనమ్మా. మిగిలినోళ్ళకంతా ఉండాను."

ఆ అమ్మాయి పేరు మధుమిత. ధర్మపురిలో పాత్రల అంగడివాళ్ళ పిల్ల, ఇంట్లో మన తెలుగే. కాలేజీలో పై చదువు చదువుతూ 'చిన్నారు బీట్స్' అనే సీనప్ప వాళ్ళ పాత బ్యాండు మీద పరిశోధన రాస్తోంది. ముందు సీనప్ప కాళ్ళకు మొక్కింది. ఆ తర్వాత నోరు మూతపడలేదు.

"మూడో దెబ్బ యాల తాతా లేటు? మేమందరమూ మెషీన్‌లో పెట్టి సరిగ్గా కొలిచి వాయిస్తాము."

"కిందున్నోడు ఊపిరి పీల్చుకునేదానికి ఆ మాత్రం టైం కావాల కదమ్మా," అన్నాడు సీనప్ప.

ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేటట్టు చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి పోవాలి.

సీనప్పది పాలకోడు పక్క పల్లె. చిన్నారు ఏటి నీళ్ళు పారే నేల రెండెకరాలు, వానను నమ్ముకున్నది మూడెకరాలు. పాతికేళ్ళ వయసులో, టమాటా దిగుబడి రోజుల్లో, తన సరుకు దించేశాక మండీలోనే ఉండి లారీలకు పెట్టెలెక్కించేవాడు. అప్పట్లో ఈ ప్లాస్టిక్ ట్రేలు లేవు. అన్నీ చెక్క పెట్టెలే. కిందివాడు పెట్టె పైకి విసురుతాడు, ధం. పైవాడు దాన్ని పట్టుకుని రెండు చరుపులు చరిచి లోపలికి తోస్తాడు, టక టక్. కిందివాడు ఊపిరి పీల్చుకుని ఇంకోటి ఎత్తుతాడు. ఆ ఊపిరి పీల్చుకున్నంతసేపు ఆగి, మళ్ళీ ధం. టక టక్‌ను ఒకటిగా లెక్కేస్తే అదే మూడో దెబ్బ. లారీ కోసం కాచుకునే సమయాల్లో సీనప్ప ఖాళీ పెట్టె మీద కూర్చుని అదే వాయించేవాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కాయలు ఏరుతూ ఏరుతూ భుజాలు కదిలించేవాళ్ళు.

ఒకనాడు మండీలో లౌడ్‌స్పీకర్ బాగుచేయడానికి ధర్మపురి నుంచి వీరరాఘవన్ వచ్చాడు. వర్తకుల ఇంటి బిడ్డ, సీనప్ప ఈడువాడే. బెంగళూరులో కొన్న గిటారు ఒకటి ఉంది కానీ, దానితో ఏం చేయాలో అప్పటికింకా తెలియదు. స్తంభం ఎక్కి పని చేస్తున్నవాడు ఆ చప్పుడు విని, స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకుని దిగివచ్చాడు.

"ఇంకోసారి కొట్టు."

కొట్టాడు.

"ఇంకోసారి."

ఆ రోజు లౌడ్‌స్పీకర్ బాగుకాలేదు. చిన్నారు బీట్స్ మాత్రం పుట్టింది.

మారండహళ్ళి బడిలో డ్రాయింగ్ మాస్టరు సుందరరాజన్ హార్మోనియం పట్టుకుని చేరాడు. పాటలు కట్టేదీ ఆయనే. గొంతు కోసం ఎక్కడా వెతకనక్కరలేకపోయింది. వీరరాఘవన్ చెల్లెలు కమలవేణికి అప్పుడు పందొమ్మిదేళ్ళు. వంటింట్లో ఆమె పాడుతుంటే అంగడికి వచ్చినవాళ్ళు కొనాల్సింది మరిచి నిలబడేవాళ్ళు. ఆడపిల్లను వేదిక ఎక్కించడానికి తండ్రి వారం రోజులు ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకుని ఒకే మాటన్నాడు: "పాడుకోండి. అయితే పొద్దు మునిగేలోపల నా బిడ్డ ఇంట్లో ఉండాల."

కచేరీ అంటే రాత్రి పది దాటాక మొదలై తెల్లవారేదాకా సాగే రోజులవి. వీళ్ళు మధ్యాహ్నం మూడింటికే మొదలుపెట్టి అయిదింటికి ముగించేవాళ్ళు. చూసినవాళ్ళందరూ నవ్వారు. కానీ రాత్రి కచేరీలకు ఎన్నడూ రాలేని ఆడవాళ్ళు బిడ్డల్ని చంకనేసుకుని, టిఫిన్ క్యారియర్ పట్టుకుని మధ్యాహ్నం వచ్చేవాళ్ళు. పాటలు విని, ఆరింటి బస్సుకు ఇల్లు చేరేవాళ్ళు. ఒకసారి వచ్చినామె రెండోసారి నలుగురిని వెంటబెట్టుకొచ్చేది.

మిగతా బృందాలన్నీ సినిమా పాటలు పాడేవి. వీళ్ళు సొంత పాటలు కట్టుకున్నారు. ఒక చరణం తమిళం, ఒకటి తెలుగు, ఒకటి కన్నడం. తెలుగు లిపి వాళ్ళలో ఎవరికీ రాదు. అందుకని కమలవేణి తెలుగు చరణాలను తమిళ అక్షరాల్లో రాసుకుని పాడేది. అన్నిటికన్నా పేరొచ్చింది 'సంత బస్సు' పాటకు.

ఎక్కేవాళ్ళు ఎక్కండి, దిగేవాళ్ళు దిగండి
బుట్టలోని కోడిపెట్ట టికెట్టడుగుతా ఉందండి

వీరరాఘవన్ తన అంగట్లోనే క్యాసెట్లు తీశాడు. తీసి, వాటిని ఊరికే ప్రైవేటు బస్సు డ్రైవర్ల చేతుల్లో పెట్టాడు. సేలం బస్సులో అదే, కృష్ణగిరి బస్సులో అదే, బెంగళూరు బస్సులో అదే. తొమ్మిదేళ్ళు, నాలుగు క్యాసెట్లు. ధర్మపురి నుంచి హోసూరు దాకా వాళ్ళ పాట తెలియని ఇల్లు లేదు. పెళ్ళి బ్యాండ్లు పాతవన్నీ వదిలేసి వీళ్ళ తాళం పట్టుకున్నాయి. ఆడపిల్లలను పాడనివ్వని ఇళ్ళలో కూడా "కమలవేణి మాదిరి పాడు" అని పిల్లలకు చెప్పడం మొదలైంది.

తర్వాత ఏమైందో మధుమితకు ఎవరూ చెప్పలేదు. పెళ్ళిమంటపంలో ఆమె నోట్‌బుక్ తీసి, "మా మేడమ్ ఒకే ప్రశ్నకు సమాధానం తెమ్మన్నారు తాతా. మీకింత పేరు యాల వచ్చింది? మీ తర్వాత అందరూ మీ మాదిరే యాల వాయించినారు?" అని అడిగేసరికి సీనప్ప ముఖంలో నవ్వు కాస్త తగ్గింది.

"ఆ ప్రశ్నతోనే బ్యాండు పోయిందమ్మా," అన్నాడు.

తొంభై మూడులో కారిమంగళంలోనే కచేరీ అయ్యాక, సేలం నుంచి వచ్చిన ఒక వారపత్రిక మనిషి సరిగ్గా అదే అడిగాడు. వీరరాఘవన్ తడుముకోకుండా చెప్పాడు: "క్యాసెట్. క్యాసెట్ లేకపోతే టమాటా పెట్టె చప్పుడు మండీ గేటు దాటేదా?" అందరూ నవ్వారు. సీనప్ప కూడా నవ్వాడు. వారం తర్వాత ఆ మాట సీనప్ప ఫోటో కింద అచ్చయి వచ్చింది. మండీలో పది మంది చదివి వినిపించారు. పదకొండోవాడు చదివేసరికి సీనప్పకు నవ్వు రాలేదు. "అయితే క్యాసెట్‌నే వాయించుకోమను," అని తర్వాతి కచేరీకి పోలేదు. సేలం నుంచి పెద్ద డ్రమ్ సెట్టుతో ఒకాయనను తెచ్చుకుని రెండు కచేరీలు చేశారు. జనం మర్యాదగా విన్నారు. ఒక్క కాలూ కదల్లేదు. అంతటితో ఆగిపోయింది. ఆరేళ్ళ కింద సుందరరాజన్ మాస్టరు చనిపోయినప్పుడు కూడా సీనప్ప, వీరరాఘవన్ పాడెకు చెరొక వైపున నడిచారే తప్ప ఒకరినొకరు పలకరించుకోలేదు.

పెళ్ళయిన నాలుగో రోజు మధుమిత స్కూటీ వేసుకుని పల్లెకు వచ్చింది. సీనప్ప ఆమెకు టమాటా తోట చూపించి, ఇంటి ముందు పందిరి కింద కూర్చోబెట్టాడు. ఆ ప్రశ్నకు ఈసారి జవాబు సిద్ధంగా పెట్టుకున్నాడు.

"తాళమమ్మా. వినేటోడికి పాట అర్థం కాకపోయినా కాలికి అర్థమవుతుంది. ఆ కడాన ఊపిరి పీల్చుకునే చోటుందే, అక్కడ మనిషికి ఎగరాలనిపిస్తుంది. పేరంతా దానికి వచ్చిందే."

మధుమిత రాసుకుంది. సీనప్పకు తృప్తిగా ఉంది. ఇంతలో వంటింటి వాకిట్లో నుంచి ఆయన భార్య సరసమ్మ చేట పట్టుకుని బయటికి వచ్చింది.

"ఏమమ్మా, కన్నడ చరణాలు ఎవురు కట్టినారని రాసుకుంటివి?"

"సుందరరాజన్ మాస్టర్ అని అందరూ చెప్పినారు అవ్వా."

"మాస్టరుకు కన్నడం ఎక్కడిది? మాది ఆనేకల్ పక్క. నేను రొట్టె కాలుస్తా చెప్తా ఉంటే ఈయన నోటికి పట్టుకుని పోయి అక్కడ అప్పజెప్పినాడు. నాలుగు క్యాసెట్ల మీద చూసినాను. నా పేరు యాడా లేదు."

అది నిజమే. సీనప్పకు ఆ సంగతి మొదటినుంచీ తెలుసు. తెలిసి కూడా ఎన్నడూ తోచలేదు.

"నువ్వెన్నడూ అడగలేదే," అన్నాడు నీరసంగా.

"నేనేమన్నా నీ మాదిరి ముప్పై రెండేండ్లు మొగం ముడుచుకుని కూర్చునేదాన్నా?" సరసమ్మ చేటలో శనక్కాయలు చెరుగుతూ నవ్వింది. నవ్వులో కోపం లేదు. అందువల్ల సీనప్పకు మరీ సిగ్గేసింది. మధుమిత ఆమె పేరు పెద్ద అక్షరాలతో రాసుకుని, ఇంటి పేరు, పుట్టినూరు కూడా అడిగింది.

లేచేముందు మధుమిత ఫోన్ తీసింది. వీరరాఘవన్‌తో తాను మాట్లాడినది అందులో ఉంది. సీనప్ప వద్దనలేదు. ముసలిదైన ఆ గొంతు, మధ్యమధ్య దగ్గు, అదే మాట: "క్యాసెట్టేనమ్మా. బస్సులే మాకు రేడియో స్టేషన్." ఆ తర్వాత, "ఆ తాళం ఉందే, అది ఇట్లుంటుంది" అంటూ మేజా మీద కొట్టిన చప్పుడు. ధం టక టక్ ధం. గడియారం కొట్టినట్టు. ఊపిరీ లేదు, ఏమీ లేదు.

సీనప్ప ముఖం చిట్లించాడు. "నిలపమ్మా. ఇదేంది, ఇట్ల కొడతాడు? తొమ్మిదేండ్లు పక్కనే నిలబడినాడు కదా!"

ఆ రోజంతా అది చెవిలో ముల్లులా గుచ్చుతూనే ఉంది. మరునాడు పొద్దున ఏడింటి బస్సుకు ధర్మపురి బయల్దేరాడు. ఏం పని అని సరసమ్మ అడిగితే, "వాడికి మూడో దెబ్బ చెప్పి వస్తాను" అన్నాడు.

వీరరాఘవన్ అంగడి ఇప్పుడు సగం మొబైల్ కవర్లతో నిండిపోయింది. కొడుకు చూసుకునేది అది. మూలన, పాత మేజా దగ్గర, లావు కళ్ళద్దాలు పెట్టుకుని వీరరాఘవన్ ఒక రేడియో పొట్ట విప్పుకుని కూర్చున్నాడు. సీనప్ప వాకిట్లో నిలబడే అడిగాడు.

"ఏమయ్యా రాఘవా, మూడో దెబ్బ అట్లనేనా కొట్టేది?"

వీరరాఘవన్ అద్దాల పైనుంచి చూశాడు.

"నువ్వొచ్చి కొట్టి చూపించకపోతే నాకెట్ల గుర్తుంటుంది?"

"చచ్చిపోయినాడని చెప్పినావంట కదా నన్ను."

"చచ్చిపోయినాడని చెప్పలేదు. నా వరకు లేడని చెప్పినాను."

"రెండూ ఒకటే కదా."

"ఎట్ల ఒకటి? చచ్చిపోయినోడు వాకిట్లో నిలబడి నాతో కొట్లాడతాడా?"

గొంతులు లేచేసరికి లోపలి నుంచి కమలవేణి వచ్చింది. ఆమె అత్తవారిల్లు రెండు వీధుల అవతలే. పొద్దున పూట అన్న ఇంటికి వచ్చి వదినతో కాఫీ తాగిపోవడం అలవాటు. అరవై దాటినా నడకలో అదే వేగం. సీనప్పను చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"సీనన్నా! లోపలికి రా. ముందు కాఫీ తాగండి, కొట్లాట తర్వాత."

కాఫీ వచ్చింది. ముగ్గురూ మేజా చుట్టూ కూర్చున్నారు. వీరరాఘవనే మొదలుపెట్టాడు, రేడియో వైపు చూస్తూ.

"ఆ మాట నవ్వులాటకన్నాను. వాడు అచ్చేసినాడు."

"నవ్వులాటకని నాకు తెలుసు."

"తెలుసా? మరి యాల రాలేదు?"

"నువ్వు పిలుస్తావని చూసినాను."

"నేను నువ్వొస్తావని చూసినాను."

కమలవేణి నుదురు కొట్టుకుంది. "మీరిద్దరూ చూస్తా చూస్తా నా గొంతు ముసలిదైపోయె! ఒక్క మాట చెప్పనా? క్యాసెట్టూ కాదు, పెట్టె కూడా కాదు. మా నాయన. పొద్దు మునిగేలోపల రమ్మని ఆయన చెప్పకపోయి ఉంటే ఆడోళ్ళు వచ్చేవాళ్ళా? ఆడోళ్ళు రాకపోతే పాట ఇండ్లలోకి పోయేదా?"

ఇద్దరు మగవాళ్ళూ దీనికి అభ్యంతరం చెప్పబోయి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వేశారు. ఆ తర్వాత సీనప్ప మేజా మీద మూడో దెబ్బ చూపించాడు. వీరరాఘవన్‌కు ఎనిమిదిసార్లకు గాని రాలేదు. మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే అయింది. వెళ్ళబోయే ముందు సీనప్ప, "ఒక సంగతి, రాఘవా. కన్నడ చరణాలు మా సరసమ్మవి. మనం ఎన్నడూ చెప్పలేదు," అన్నాడు. వీరరాఘవన్ తల గోక్కుని, "అది మాత్రం తప్పే," అన్నాడు.

మధుమిత ఊరుకునే పిల్ల కాదు. ముగ్గురూ మాట్లాడుకున్నారని తెలిసిన మరుక్షణమే కాలేజీ హాల్లో ఒక సభ పెట్టించింది. మధ్యాహ్నం మూడు గంటలకు. నలభై మంది వస్తారనుకుంటే, ఎవరో ఫోన్లలో కబురు తిప్పినట్టున్నారు, రెండు వందల మందికి పైగా వచ్చారు. విద్యార్థులు సగం. మిగతా సగం కారిమంగళం, పాలకోడు పక్క నుంచి బస్సులు దిగివచ్చిన ఆడవాళ్ళు, చాలామంది జుట్టు నెరిసినవాళ్ళు. సరసమ్మ మొదటి వరసలో కూర్చుంది. వేదిక మీది బ్యానర్‌లో ఆమె పేరు అయిదోది.

మేడమ్ అదే ప్రశ్న మైకులో అడిగారు. వీరరాఘవన్ క్యాసెట్ అన్నాడు. కాకపోతే ఈసారి, "అయితే ఆ పెట్టె లేకపోతే క్యాసెట్‌లో ఏం పెట్టేది?" అని కలిపాడు. సీనప్ప తాళం అన్నాడు. ఆ తర్వాత మైకును చేతుల్లో అటూ ఇటూ తిప్పి, "క్యాసెట్ కూడా," అన్నాడు. కమలవేణి తండ్రి పేరు చెప్పింది. హాలంతా చప్పట్లు.

ఇంతలో వెనక వరసలో ఒక ముసలామె లేచి నిలబడింది. ఎనభై దగ్గరపడిన మనిషి. పేరు మాదమ్మాళ్. ఒకప్పుడు మండీలో కాయలు ఏరినామె. ఆమె ఇంటి భాష తమిళం. అయితే మండీలో నేర్చుకున్న తెలుగు గట్టిగానే మాట్లాడుతుంది.

"మీరు ముగ్గురూ మరిచిపోయినారు," అంది, మైకు అక్కర్లేని గొంతుతో. "ఈ వేణమ్మ ఒక దినం పాట మరిచిపోయింది. గుర్తుందా?"

కమలవేణి ముఖం ఎర్రబడింది. ఆమెకు గుర్తుంది. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పనిది అదే.

సంగతి ఇది. 'సంత బస్సు' పాటలో కండక్టరు "ఏ ఊరికి పోవాల?" అని అడిగే చోటుంది. దాని తర్వాత మాస్టరు ఊళ్ళ పేర్లతో ఒక వరుస రాశాడు. మొదటి ఏడాదే, కారిమంగళం కచేరీలో, "ఏ ఊరికి పోవాల?" అని పాడి కమలవేణి ఆ వరుస మరిచిపోయింది. గిటారు ఆగిపోయింది. హార్మోనియం ఆగిపోయింది. సీనప్ప మాత్రం పెట్టె వాయిస్తూనే ఉన్నాడు, ఆపడానికి ఆయనకు తోచలేదు. ఏడుపు ముఖంతో నిలబడిన పిల్లను చూసి, జనంలో నుంచి ఒక ఆడమనిషి అరిచింది: "మల్లుపట్టికి!" పక్కనున్నామె తన ఊరి పేరు అరిచింది. ఆ తర్వాత అందరూ.

"మొదట అరిచింది నేనే," అంది మాదమ్మాళ్. "అంతవరకు మా ఊరి పేరు మైకులో ఎవురూ చెప్పింది లేదు. ఆ దినం కూడిన జనమంతా మా ఊరి పేరు విన్నింది. పేరు యాల వచ్చిందని అడుగుతా ఉండారే, ఆ పాటలో మా ఊరుంది, దానికే. మీరు వాయించినారు, సరి. పాడింది మేము."

వీరరాఘవన్ మెల్లగా మైకు అందుకున్నాడు.

"ఆ తర్వాత మాస్టరు ఆ వరుసను కొట్టేసినాడు. ఖాళీగానే వదలమన్నాడు. క్యాసెట్‌లో ఖాళీ ఉంటే బాగుండదని తర్వాతి కాపీల్లో నేను కత్తిరించబోయినాను. వసంతకుమార్ అని సేలం బస్సు డ్రైవరు ఒకడు, 'వద్దన్నా, ఆ చోటు వచ్చినప్పుడు బస్సంతా ఊళ్ళ పేర్లు అరుస్తా ఉంది, నా కండక్టరుకు పని తగ్గింది' అన్నాడు. అందుకని వదిలేసినాను."

నవ్వులు చల్లారేలోపు సీనప్ప లేచి మధుమిత పెట్టెను వేదిక మధ్యకు లాక్కున్నాడు. ఎవరినీ అడగలేదు. కూర్చుని రెండు చేతులూ రుద్దుకుని మొదలుపెట్టాడు. వీరరాఘవన్ గిటారుకు రెండు తీగలు కొత్తవి, మిగతావి ఎప్పటివో. కమలవేణి గొంతు ఒకప్పటి ఎత్తుకు పోలేదు, కాస్త కిందనే పట్టుకుంది. కానీ మొదటి రెండు మాటలకే వెనక వరసల్లోని ఆడవాళ్ళు చీర కొంగులు బిగించుకున్నారు.

ఆ చోటు వచ్చింది. "ఏ ఊరికి పోవాల?" అని ఆమె ఆపింది. పెట్టె ఒక్కటే మోగుతోంది. రెండు తాళాలు గడిచాయి.

"మల్లుపట్టికి!"

ఆ తర్వాత ఏ పేరు ఎవరిదో తెలియలేదు. పల్లెలన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. విద్యార్థులు కొందరు "హాస్టల్‌కి!" అని అరిచారు. సరసమ్మ లేచి నిలబడి "ఆనేకల్‌కి!" అంది, ఎప్పుడూ లేనంత గట్టిగా. ఆ ముక్క సీనప్పకు స్పష్టంగా వినిపించింది. మధుమిత వేదిక పక్కన నిలబడి, మూడో దెబ్బ ఆలస్యమైన ప్రతిసారీ తన పాదం ఎలా లేస్తుందో చూసుకుంటోంది.

ఆమె పరిశోధనలో చివరికి ఏం రాసిందంటే, ఇందులో ఏ ఒక్కటీ ఒంటరిగా పని చేయలేదని. మధ్యాహ్నం కాకపోతే మాదమ్మాళ్ వచ్చేది కాదు. ఆమె రాకపోతే ఊరి పేరు పాటలోకి వచ్చేది కాదు. పెట్టె ఆగి ఉంటే ఆమె అరిచే లోపలే పాట చచ్చిపోయేది. బస్సులు లేకపోతే ఆ ఖాళీ కారిమంగళంలోనే ఉండిపోయేది. మూడు భాషలు లేకపోతే హోసూరు వాళ్ళకు అది పరాయి పాటే. "ఇన్ని కారణాలు రాస్తే ఎట్ల, ఒకటి చెప్పు," అని మేడమ్ అడిగారట. "ఆ ఒకటి చెప్పబోయే వాళ్ళు విడిపోయినారు మేడమ్," అందట మధుమిత. మేడమ్ సంతకం పెట్టేశారు.

బ్యాండు మళ్ళీ మొదలుపెట్టమని చాలామంది అడిగారు. ముగ్గురికీ అంత ఓపిక లేదు. కానీ మాదమ్మాళ్ పిలుపును కాదనడం ఎవరి వల్లా కాలేదు. ఆమె మునిమనవరాలికి మల్లుపట్టిలో చెవులు కుట్టిస్తున్నారు. "పొద్దున పది గంటలకు రండి, మీకోసం వేరే ఆకు వేయిస్తాను," అని కబురు పంపింది.

పోయారు. షామియానా కింద చాపలు పరిచి ఉన్నాయి. వీరరాఘవన్ మైకు సరిచేస్తూ ఆ ఊరి కుర్రాళ్ళకు వైర్ల గురించి పాఠం చెప్పాడు. సీనప్పకు వాయించడానికి మాదమ్మాళ్ కొడుకు అటక మీద నుంచి ఒక పాత చెక్క పెట్టె దించి దుమ్ము దులిపి ఇచ్చాడు. సరసమ్మ ఈసారి జనంలో కూర్చోలేదు. కన్నడ చరణం తానే పాడతానని కమలవేణి పక్కన నిలబడింది. నిలబడ్డాక భయమేసి కమలవేణి చెయ్యి పట్టుకుంది.

చెవులు కుట్టే ఆచారి సూది ఎత్తాడు. మేనమామ ఒళ్ళో కూర్చున్న బిడ్డ ఊరు దద్దరిల్లేటట్టు కెవ్వుమంది. ఆ కేకకు వీరరాఘవన్ లెక్క తప్పాడు, కమలవేణి నవ్వు ఆపుకోలేక పాట తప్పింది, సరసమ్మ మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని తన చరణం తాను పాడుకుంటూ పోయింది. సీనప్ప ఆమె వైపు తిరిగి కూర్చుని, ఆమె ఊపిరి తీసుకునే చోటు చూసుకుని చూసుకుని వాయించాడు. రెండో చెవి అయ్యేసరికి బిడ్డ ఏడుపు మాని, మేనమామ చేతిలోని బెల్లం ముక్క కోసం చెయ్యి చాపింది.